అణుబూడిదలో ఏరుకునేవి

పొయ్యిలో కాలిన కట్టె బూడిదలో మళ్ళీ కట్టె దొరుకుతుందా అని అడిగితే పసిపిల్లలైనా నవ్వుతారు. కాని ఉత్తర కన్నడ జిల్లాలో కాళీనది పక్కనున్న కైగా అణువిద్యుత్కేంద్రంలో ఏడాది పైచిలుకు "కాలి" బయటపడిన యురేనియంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఇంకా యురేనియంగానే ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క పాలు గురించే ఇంత గోలా, ఇంత భయమూ, ఇంత రసాయనశాస్త్రమూను.

మన సంఘంలోని పెద్దలు కొందరు అణుచెత్త అనే మాట కనబడగానే పేజీ తిప్పేస్తామని మాతో అంటూంటారు. ఈ నెల మాత్రం తిప్పవద్దని మనవి. ఇది ఎక్కడో బొంబాయిలోనో ఢిల్లీలోనో జరిగే ముచ్చట కాదు. ఈ యురేనియాన్ని శుద్ధిచేసేది హైదరాబాదులో. కొంత తవ్వేది కడప జిల్లాలో. మండించేది మనం ఉంటున్న ఈ కర్ణాటకలో. ఆఖరుకు దీని బూడిదను ఎక్కడ పాతిపెట్టాలన్న ప్రసక్తి వచ్చినప్పుడు పత్రికల కెక్కిన పేరు, బెంగుళూరికి అరవై మైళ్ళ దూరాన మనవాళ్ళెందరో తరతరాలుగా కాపురముంటున్న కోలారు బంగారు గనులది.

ముందు లెక్క చూద్దాం. కైగాలో 220 మెగావాట్ల రియాక్టర్లు నాలుగున్నాయి. రెండు 2000లో, మూడవది 2007లో, నాలుగవది 2011లో పని ప్రారంభించాయి. మొదటి రియాక్టరు 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులపాటు ఆగకుండా నడిచి ఆనాటికి ప్రపంచంలోకెల్లా రికార్డు అనిపించుకున్నది. ఒక్కొక్క రియాక్టరు గర్భంలో 306 గొట్టాలు, గొట్టానికి పన్నెండేసి ఇంధనపు కట్టలు. కట్ట అంటే మూరెడు పైచిలుకు పొడవుండే 19 సన్నగొట్టాల మోపు. ఆ సన్నగొట్టాలనిండా బొటనవేలి గోరంత వెడల్పున్న యురేనియం బిళ్ళలు పేర్చి ఉంటాయి. కట్ట ఒక్కింటికి యురేనియం సుమారు పదమూడున్నర కిలోలు.

ఆ ఒక్క కట్టవల్ల పుట్టే కరెంటు, మేము వేసిన లెక్కనుబట్టి, ఆరు లక్షల యూనిట్ల పైమాట. నెలకు 200 యూనిట్లు వాడే కాపురాలు రెండువందల యాభై, ఏడాదిపాటు దీపాలు వెలిగించుకోవచ్చు. ఇంత పని చేసీ ఆ పదమూడున్నర కిలోలలో నిజంగా చీలి బూడిద అయ్యేది సుమారు నూరు గ్రాములు. పాత తూకంలో చెప్పాలంటే ఎనిమిది తొమ్మిది తులాలు. మరొక నాలుగు తులాలు ప్లుటోనియం అనే కొత్త లోహంగా మారుతుంది. మిగిలినదంతా వెనకటి యురేనియమే.

అయితే ఆ నూరు గ్రాములు సామాన్యమైనవి కావు. అందులో సీజియం, స్ట్రాన్షియం, రుథీనియం మొదలైన పదుల కొద్దీ మూలకాలు ఒకదానితో ఒకటి కలిసి, చుట్టుపక్కలను దహించే కిరణాలు విరజిమ్ముతూ ఉంటాయి. రియాక్టరులోంచి అప్పుడే తీసిన కట్ట పక్కన అడ్డు లేకుండా కొద్ది నిమిషాలు నిలబడితే చాలు, మనిషి దక్కడు. అందుకే వాటిని ముందు లోతైన నీటికొలనులలో ఏళ్ళతరబడి ముంచి ఉంచుతారు.

పదమూడు కిలోల బియ్యంలో గుప్పెడు రాళ్ళు కలిశాయని బియ్యమంతా పారబోసే ఇల్లాలు ఉండదు. చేట తీసుకుంటుంది. ఇక్కడ చేట పట్టే చెయ్యి ఏది అన్నదే చిక్కు. అమెరికావారు 1977లో, ఈ చెరగడమే వద్దు, కట్టలను కట్టలుగానే దాచిపెడదామన్నారు. ఫ్రాన్సు, రష్యా, మన దేశమూ చెరగవలసిందే నన్నాయి. ఆ చేట మరేదో కాదు, కిరసనాయిలులో కలిపిన ఒక నూనె.

నూనె ఎట్లా ఏరుతుందో తెలియడానికి మన వంటింట్లోకి వెళితే చాలు. ఆవకాయ జాడీ మూత తీసి చూడండి. పైకి తేలిన నూనె ఎర్రగా మిలమిలలాడుతూ ఉంటుంది. కారంలోని ఎరుపు నీటికి లొంగదు, నూనెకు లొంగుతుంది. ఉప్పు సంగతి చూస్తే తలకిందులు. ముక్కలలోంచి ఊరిన ఊటలో అది కరిగి కూర్చుంటుంది గాని నూనెవైపు కన్నెత్తి చూడదు. ఒకే జాడీలో ఉన్న రెండు పదార్థాలను నీరూ నూనే చెరొకటి పంచుకున్నాయన్నమాట. ఎవరూ వేలుపెట్టి ఏరలేదు. కలియబెట్టారు, ఊరనిచ్చారు, అంతే.

యురేనియానికి ఇట్లాంటి నూనె ఒకటి ఉంటుందని మొదట గమనించినవారు అణుబాంబు వాళ్ళు కారు. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త పెలిగో, నత్రికామ్లంలో కరిగించిన యురేనియం లవణం ఈథరులోకి సులువుగా దిగిపోతుందని, మలినాలు వెనక ఉండిపోతాయని చూశాడు. అప్పట్లో యురేనియం గాజుకూ పింగాణీకీ రంగు వేయడానికి తప్ప మరెందుకూ పనికివచ్చేది కాదు. నూరేళ్ళ తరువాత, 1942లో, అమెరికావారికి ఒక్కసారిగా టన్నులకొద్దీ శుద్ధ యురేనియం కావలసివచ్చినప్పుడు సెయింట్ లూయీ నగరంలోని ఒక మందుల కంపెనీ ఆ పాత ఈథరు పద్ధతినే దుమ్ము దులిపి వాడింది. ఈథరు అగ్గిపుల్ల పేరు చెబితే మండే సరుకు. అంచేత దానికంటె నిదానమైన ద్రావణికోసం వెతికారు. 1940ల చివరి భాగంలో వారికి దొరికినదే ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటు. పేరు నోరు తిరగదు కాబట్టి ప్రయోగశాలలలో టి.బి.పి. అంటారు, మేమూ అట్లాగే అంటాము.

ఈ టి.బి.పి. అణువుకు ఒక తల, మూడు తోకలు అనుకోండి. తల యురేనియం లవణాన్ని పట్టుకుంటుంది. తోకలు నూనెను ఇష్టపడతాయి గనక పట్టుకున్నదాన్ని నూనెలోకి లాక్కుపోతాయి. చుట్టూ నత్రికామ్లం ఘాటుగా ఉంటే పట్టు బిగుస్తుంది. ఆ నూనెనే పలచని ఆమ్లంతోనో, వట్టి నీటితోనో కడిగితే పట్టు సడలి యురేనియం తిరిగి నీటిలోకి వచ్చేస్తుంది. పట్టుకోవడమే కాదు, అడిగినప్పుడు వదలడం కూడా తెలిసినది కావడంవల్లనే ఈ నూనె ఇన్నేళ్ళుగా నిలిచింది. డెబ్భై ఏళ్ళ పైబడి ఎన్నో కొత్త ద్రావణులు వచ్చాయి. పెద్ద కర్మాగారాలలో దీని పీట మాత్రం ఎవరూ లాగలేకపోయారు.

దీన్ని మన దగ్గర రెండుచోట్ల, రెండు రకాలుగా వాడుతున్నారు. రియాక్టరులోకి పోకముందు ఒకసారి, వచ్చిన తరువాత మరొకసారి.

పోకముందు జరిగేది హైదరాబాదులో. మౌలాలి దగ్గర 1971లో ఏర్పాటైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు సంగతి ఆ వైపు బంధువులున్న వారికి తెలిసే ఉంటుంది. గనులనుంచి పచ్చటి ముద్దగా వచ్చిన యురేనియాన్ని అక్కడ నత్రికామ్లంలో కరిగించి, కిరసనాయిలు కలిపిన టి.బి.పి.తో కలియబెడతారు. బోరాన్, కాడ్మియం వంటి మలినాలు పదిలక్షల పాళ్ళలో ఒక పాలు ఉన్నా న్యూట్రానులను మింగి రియాక్టరు కడుపు మాడుస్తాయి. నూనె వాటిని ముట్టుకోదు. యురేనియాన్ని మాత్రం పట్టుకుని వస్తుంది. తరువాత దాన్ని నీటితో విడిపించి, అమ్మోనియాతో ముద్దకట్టించి, కాల్చి, బిళ్ళలుగా నొక్కి, 1700 డిగ్రీల దగ్గర ఇటుకను కాల్చినట్టు కాలుస్తారు.

బిళ్ళలు పేర్చే గొట్టాలకు కూడా ఈ నూనే దిక్కు. ఆ గొట్టాలు జిర్కోనియం అనే లోహంతో చేస్తారు. సముద్రపు ఇసుకలో దొరికే ఈ లోహంతో పాటు హాఫ్నియం అని మరొకటి అంటుకుని వస్తుంది. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. గుణాలు దాదాపు ఒకటే. తేడా అల్లా న్యూట్రానుల దగ్గర. జిర్కోనియం వాటిని పోనిస్తుంది, హాఫ్నియం దానికి ఐదువందల రెట్లకు పైగా మింగుతుంది. ఈ కవలలను విడదీసేది కూడా టి.బి.పి.యే. మన దేశంలో అణులోహాల పనికి పునాది వేసిన డాక్టర్ బ్రహ్మప్రకాశ్ గారు 1951 నుంచి 1957 వరకు ఇక్కడే, మల్లేశ్వరం పక్కన మనందరం టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే సంస్థలో, లోహశాస్త్ర శాఖకు అధిపతిగా ఉండేవారు. ఆయన ఇక్కడినుంచి ట్రాంబేకు వెళ్ళి, అటుపిమ్మట హైదరాబాదు సంస్థకు రూపురేఖలు దిద్దినవారిలో ముఖ్యులయ్యారు. ఆ సంస్థ నూనె తొట్లకు బెంగుళూరి గాలి కొంత తగిలిందని మనం చెప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక్కమాట చెప్పకపోతే అన్యాయం. చెత్త పుట్టేది రియాక్టరులో అని అందరమూ అనుకుంటాము. కాని అంతకు ముందే, గని దగ్గరే పుడుతున్నది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో తవ్వే రాతిలో యురేనియం పదివేల పాళ్ళకు నాలుగు పాళ్ళు మాత్రమే. సున్నపురాతి జాతికి చెందిన రాయి కావడంవల్ల ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది. అంచేత అక్కడ క్షారంతో కరిగిస్తారు. టన్ను రాతిలోంచి అరకిలోకు తక్కువగా యురేనియం తీసుకుని, మిగిలినదంతా బురదగా చెరువుకు పంపాలి. ఆ చెరువు నీరు తమ బోరుబావులలోకి దిగుతున్నదని, అరటితోటలు పాడవుతున్నవని చుట్టుపక్కల పల్లెలవారు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. తమవల్ల కాదని సంస్థవారంటున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. ప్రయోగశాలలో ఎంత గొప్ప నూనె కనిపెట్టినా ఆ బురదకు అది అక్కరకు రాదు. బెంగుళూరులో మన ఇంటి దీపం ఖరీదులో ఆ పల్లెవాళ్ళ బావినీరు కలిసి ఉన్నదా లేదా అన్నది నిష్పక్షపాతంగా తేల్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఇన్నేళ్ళు నాన్చడం మాకు న్యాయంగా తోచదు.

ఇక రియాక్టరునుంచి వచ్చిన తరువాతి కథ. ఇది మొదలైనది ట్రాంబేలో. హోమీ సేఠ్నా గారి ఆధ్వర్యంలో 1961లో కట్టడం ప్రారంభించిన ప్లుటోనియం కర్మాగారం 1964లో పనిలోకి దిగింది. 1965 జనవరి 22న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు దాన్ని ప్రారంభించారు. తరువాత తారాపూరులో, 1998లో మద్రాసు దగ్గరి కల్పాక్కంలో, 2011లో మళ్ళీ తారాపూరులో ఇట్లాంటివి వెలిశాయి. అన్నింటిలోనూ పద్ధతి ఒకటే.

కొలనులో చల్లారిన కట్టలను తెచ్చి ముక్కలుగా నరికి, మరిగే నత్రికామ్లంలో వేస్తారు. లోపలి సరుకు కరుగుతుంది, జిర్కోనియం తొడుగులు కరగకుండా మిగులుతాయి. ఈ ద్రావణాన్ని నూటికి ముప్ఫై పాళ్ళు టి.బి.పి. ఉన్న నూనెతో కలుపుతారు. కవ్వం పెట్టి చిలకడానికి అక్కడ వీలులేదు. చిలికే యంత్రం చెడిపోతే లోపలికి వెళ్ళి బాగుచేసే మనిషి ఉండడు గదా! అందువల్ల నిలువెత్తు గొట్టాలలో చిల్లుల పళ్ళేలు అమర్చి, కిందినుంచి గాలితో ద్రవాన్ని గుండె కొట్టుకున్నట్టు పైకీ కిందికీ ఊపుతారు. బరువైన ఆమ్లం పైనుంచి దిగుతుంది, తేలికైన నూనె కిందినుంచి ఎక్కుతుంది. దారిలో ఎదురుపడిన చోటల్లా చేతులు మారతాయి. యురేనియం, ప్లుటోనియం నూనెతో పైకి పోతాయి. ఆ నూరు గ్రాముల బూడిద ఆమ్లంతో కిందికి పోతుంది. ఇదంతా నాలుగైదు అడుగుల మందం కాంక్రీటు గోడల వెనక జరుగుతూంటే, ఇవతలనుంచి మనుషులు సీసం కలిసిన గాజు కిటికీలలోంచి చూస్తూ ఉంటారు.

నూనెలోకి చేరిన ఇద్దరినీ విడదీయడం ఇంకా చమత్కారం. ప్లుటోనియం పరమాణువు మీద నాలుగు విద్యుదావేశాలుంటే నూనెకు ఇష్టం, మూడే ఉంటే అయిష్టం. కాబట్టి ఒక మందు కలిపి దాని ఆవేశాన్ని నాలుగునుంచి మూడుకు దించుతారు. వెంటనే అది నూనెను వదిలి నీటిలోకి దిగిపోతుంది. యురేనియం నూనెలోనే ఉండిపోతుంది. తరువాత దాన్నీ పలచని ఆమ్లంతో దించుకుంటారు. ఖాళీ అయిన నూనెను సోడాతో కడిగి మళ్ళీ వాడతారు. ఆ కిరణాల దెబ్బకు నూనె కూడా కొంచెం కొంచెంగా చెడుతూ ఉంటుంది మరి. కడగకపోతే వదలవలసినదాన్ని వదలదు.

ఈ నూనె ఎప్పుడూ సాధువుగానే ఉంటుందనుకోరాదు. ఘాటైన నత్రికామ్లంతో కలిసి 130 డిగ్రీలు దాటి వేడెక్కితే ఎర్రబారి, పేలుతుంది. 1993 ఏప్రిల్ 6న రష్యాలోని తోమ్స్క్ దగ్గర ఇట్లాగే ఒక తొట్టి పేలి, కప్పు ఎగిరి, రేడియోధార్మిక ద్రవ్యం చుట్టుపక్కల మంచుమీద పడింది. అందుకే ఈ కర్మాగారాలలో వేడి ఎక్కడ ఎంత ఉండాలో గీత గీసి ఉంచుతారు.

చెరిగితే వచ్చే గింజలలో మొదటిది ప్లుటోనియం అన్న సంగతి మరుగున పెట్టడం మర్యాద కాదు. 1944 మార్చిలో హోమీ భాభా గారు టాటా ధర్మనిధికి ఉత్తరం రాసి మౌలిక భౌతికశాస్త్ర పరిశోధనకు ఒక సంస్థ కావాలని అడిగారు. అప్పుడాయన మన టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉండేవారు. ఓ రెండు దశాబ్దాలకు అణుశక్తితో కరెంటు తీసేరోజు వస్తే నిపుణులకోసం పరదేశాలవైపు చూడనక్కరలేకుండా ఇక్కడే తయారుచేద్దామన్నది ఆ ఉత్తరంలోని ఉద్దేశం. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 1974 మే 18న, పోఖ్రాన్‌లో పేలిన పరికరంలోని ప్లుటోనియం ట్రాంబే నూనెలోంచి వచ్చినదే. కరెంటుకు దారి తీసిన చెయ్యి, బాంబుకు దారి తీసిన చెయ్యి ఒకటే. దీన్ని గర్వంగా చెప్పుకునేవారున్నారు, తలవంచుకునేవారున్నారు. మా ఇంట్లోనే రెండు పక్షాలూ ఉన్నాయి గనక ఆ తగువు ఇక్కడ తీర్చబోము.

సరే, యురేనియం తీశారు, ప్లుటోనియం తీశారు. కింద మిగిలిన ఆమ్లంలోనే ఉన్నది అసలు దయ్యం. దీన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి కరిగించి, స్టీలు డబ్బాలలో పోసి గడ్డకట్టిస్తారు. గాజు నీటికి కరగదు గనక లోపలిది అక్కడే బందీ. ఎన్నాళ్ళు? సీజియం, స్ట్రాన్షియం దాదాపు ముప్ఫై ఏళ్ళకు సగమవుతాయి. మూడువందల ఏళ్ళకు వెయ్యోవంతు. కాని అదే ఆమ్లంలో అమెరీషియం మొదలైన బరువు లోహాలు, వాటితో పాటు నూనెకు చిక్కకుండా జారిపోయిన చిటికెడు ప్లుటోనియమూ ఉంటాయి. ప్లుటోనియం సగం కావడానికే 24 వేల ఏళ్ళు.

ఈ అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. కెంపేగౌడ గారు 1537లో ఈ ఊరికి కోట కట్టి ఐదువందల ఏళ్ళు కావస్తున్నది. ఆయన పేరు ఈనాటికీ విమానాశ్రయం మీద చదువుకుంటున్నాము. మూడువందల ఏళ్ళు అంటే మనుషులు గుర్తుపెట్టుకోగల కాలం, కాపలా కాయగల కాలం. 24 వేల ఏళ్ళు అట్లాంటిది కాదు. మన తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనం, కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళరాజు వేయించినది, క్రీ. శ. 575 ప్రాంతానిది. పధ్నాలుగువందల యాభై ఏళ్ళు కూడా నిండీ నిండని ఆ అక్షరాలు చదవడానికి పండితులు కావలసివచ్చింది. ఇక 24 వేల ఏళ్ళ తరువాతివాళ్ళకు "ఇక్కడ తవ్వవద్దు" అని ఏ లిపిలో రాసిపెడతాము?

అందుచేత ఆఖరి చెరుగుడు ఒకటి అవసరమయింది. టి.బి.పి. పట్టుకోలేని ఆ బరువు లోహాలను పట్టుకోవడానికి డైగ్లైకోలమైడ్ అనే కుటుంబానికి చెందిన కొత్త ద్రావణిని మనవారు తయారుచేశారు. దానితో పనిచేసే కర్మాగారం 2013లో తారాపూరులో మొదలైంది. గాజులో కలపబోయే ఆమ్లంలోంచి లక్షల ఏళ్ళ సరుకును వేరుచేసి, వందల ఏళ్ళ సరుకును మాత్రం గాజుకు వదలడం దీని పని. వేరుచేసిన ఆ లోహాలను ఫాస్ట్ రియాక్టర్లలో మండించి హరింపజేయాలన్నది తరువాతి ఎత్తు. ఏరడమంటే మాయంచేయడం కాదు. ఏరినదాన్ని కాల్చేదాకా అదీ ఎవరో కాపలా కాయవలసిన సరుకే.

ఈ ఆమ్లంలో ఏరుకునే మరొక గింజ సీజియం. దానికి మరో ద్రావణి, గిన్నె ఆకారంలో ఉండే అణువు. ఆ గిన్నె కొలత సీజియానికి సరిగ్గా సరిపోతుంది. సోడియం వంటి చిన్నవి నిలవవు. ట్రాంబేలో ఇట్లా ఏరిన సీజియాన్ని చిన్న గాజు పెన్సిళ్ళుగా పోసి, స్టీలు తొడుగులలో మూసి, రక్తనిధులలోని యంత్రాలకు ఇస్తున్నారు.

రక్తనిధిలో దీనికేమి పని అంటారేమో. కుటుంబాలవారు తెలుసుకోదగిన సంగతి ఇది. మన ఇళ్ళలో ఎవరికైనా రక్తం కావాలంటే ముందు పరుగెత్తేది తోడబుట్టినవాళ్ళు, కన్నబిడ్డలు. పరాయివాళ్ళ రక్తంకంటె అయినవాళ్ళ రక్తం మేలని మన పెద్దలకు ఒక నమ్మకం. వైద్యశాస్త్రం దగ్గర ఇది తిరగబడుతుంది. దానం చేసిన రక్తంలో తెల్లకణాలు కొన్ని ఉంటాయి. పరాయివారివైతే రోగి శరీరం గుర్తుపట్టి తరిమేస్తుంది. రక్తబంధువువైతే మనవాడే అనుకుని ఊరుకుంటుంది. ఆ కణాలు మాత్రం రోగి శరీరాన్ని పరాయిదిగా చూసి దాడిచేస్తాయి. ఇది అరుదుగానే వస్తుంది గాని, వస్తే బ్రతకడం చాలా కష్టం. అందుకే రక్తబంధువులిచ్చిన రక్తాన్ని, మూలుగ మార్పిడి చేయించుకున్నవారికి, రోగనిరోధకశక్తి బొత్తిగా తగ్గినవారికి ఎక్కించే రక్తాన్ని ముందుగా కిరణాలకు గురిచేసి, ఆ తెల్లకణాలు పెరగకుండా చేస్తారు. ఎర్రకణాలు తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. ఇంట్లో అటువంటి అవసరం వస్తే, తమ్ముడిదో కూతురిదో రక్తం ఎక్కించే ముందు, కిరణాలు పెట్టారా అని డాక్టరుగారిని అడగడానికి మొగమాటపడకండి. ఈ పని ఎక్స్‌రే యంత్రాలతోనూ చేస్తున్నారు. కోబాల్టుతోనూ చేయవచ్చు గాని అది అయిదేళ్ళ చిల్లరకే సగమైపోతుంది. సీజియం ముప్ఫై ఏళ్ళు నిలుస్తుంది.

గాజు పెన్సిలుగా ఎందుకు పోశారో కూడా చెప్పాలి. 1987లో బ్రెజిలు దేశంలోని గోయానియాలో, మూసివేసిన ఒక ఆసుపత్రిలో వదిలేసిన యంత్రాన్ని పాతసామాన్లవాళ్ళు విప్పారు. అందులో సీజియం ఉప్పుపొడిగా ఉన్నది. చీకట్లో నీలంగా మెరుస్తూంటే ముచ్చటపడి పంచుకున్నారు, ఒంటికి రాసుకున్నారు. నలుగురు చనిపోయారు, లక్షమందికి పైగా పరీక్షలు చేయవలసివచ్చింది. మన ఢిల్లీలో, 2010లో మాయాపురి పాతసామాన్ల బజారులో, పాత ప్రయోగశాలనుంచి వేలంలో వచ్చిన కోబాల్టు యంత్రాన్ని విప్పి ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. గాజైతే పొడిగా రాలదు, నీటిలో కరగదు. కాని యంత్రం పాతబడిన రోజున దాన్ని ఎవరు, ఎక్కడికి తీసుకువెళ్ళారో లెక్క రాసుకునే గుమాస్తా సరిగ్గా లేకపోతే ఏ గాజూ కాపాడదు.

కోలారు సంగతి మిగిలింది. 1980లలో, అక్కడ పనికిరాదని వదిలేసిన ఒక సొరంగంలో, సుమారు కిలోమీటరు లోతున, భాభా అణుపరిశోధన కేంద్రంవారు రాతిలో విద్యుత్ పొయ్యిలు దింపి ఏళ్ళతరబడి వేడిచేసి చూశారు. గాజు డబ్బాల వేడికి రాయి ఎట్లా ప్రవర్తిస్తుందో కొలవడం వారి ఉద్దేశం. అక్కడ దింపినది వేడిని మాత్రమే, చెత్తను కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. 2012 నవంబరులో, సుప్రీంకోర్టులో కూడంకుళం వ్యాజ్యం నడుస్తూ ఉండగా, అణుచెత్తను కోలారు గనులకు చేరుస్తారన్న మాట బయటికి పొక్కింది. నూరేళ్ళకు పైగా దేశానికి బంగారం తవ్విపెట్టి, గనులు మూసిన తరువాత ఉద్యోగాలకోసం తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కుతున్న జనం, బంగారం పోయాక మాకు మిగిల్చేది ఇదా అని వీధిన పడ్డారు. అటువంటి ఉద్దేశమేదీ లేదని ప్రభుత్వంవారు తరువాత చెప్పారు.

ఆనాటి కోపాన్ని అజ్ఞానమని కొట్టిపారేసినవారు కొందరున్నారు. మేము ఆ పక్షం కాదు. పొయ్యిలు దింపినప్పుడు గాని, ఫలితాలు వచ్చినప్పుడు గాని ఆ ఊరివాళ్ళను కూర్చోబెట్టి వారి భాషలో చెప్పి ఉంటే ముప్ఫై ఏళ్ళ తరువాత పుకారుకు అంత బలం వచ్చేది కాదు. డబ్బాలో ఉండేది మూడువందల ఏళ్ళ సరుకా, లక్ష ఏళ్ళ సరుకా అన్నది ఆ ఊరివాళ్ళు అడగవలసిన మొదటి ప్రశ్న. దానికి జవాబు మారే దారి తారాపూరు ద్రావణితో ఏర్పడింది.

మన దేశంలో గాజు డబ్బాలను శాశ్వతంగా పాతిపెట్టే భూగర్భ నిక్షేపం ఇంతవరకు ఎక్కడా కట్టలేదు. తారాపూరులో ప్రత్యేకంగా కట్టిన నేలమాళిగలలో, యంత్రం అవసరం లేకుండా దానంతట అదే వీచే గాలికి, అవి నిలబడి చల్లారుతున్నాయి.